పటాలం వాడి కత్తి

1945 జనవరి, పుష్య పున్నమి నాటి ఉదయం పదిన్నరకు బెంగళూరు దండులో, అంటే కంటోన్మెంటులో, జయరామప్ప కింది దవడ పన్ను ఒకటి ఊడింది. పీకినవాడు షావ్ అనే చీనా పళ్ళ డాక్టరు. పన్ను పోయిన చోట దూది పెట్టి, దాన్ని గట్టిగా కరిచిపట్టమని చెప్పి, గంటసేపు నోరు తెరవకూడదన్నాడు. మాట్లాడితే నెత్తురు ఆగదన్నాడు.

జయరామప్ప కుర్చీలోంచి లేచి కిటికీ పక్క బల్ల మీద కూర్చున్నాడు. గంటసేపు మాట్లాడకుండా కూర్చోవడం ఆయనకు అలవాటు లేదు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చున్నా పక్క మగ్గం వాణ్ణి ఏదో ఒకటి అడుగుతూనే ఉంటాడు, ఈ నూలు ఎక్కడ తెచ్చావు, మీ మామ కాలు నయమయిందా, వాన వచ్చే ముందు పడుగు ఎందుకు బిగుస్తుంది. కబ్బన్‌పేట మగ్గాల వీధిలో ఆయన్ను అడిగే జయరామప్ప అంటారు. చావింటికి పోయినా శవాన్ని లేపి ఎప్పుడు పోతివప్పా అని అడుగుతాడని ఆయన ఎదురుగానే అని నవ్వుతారు. ఇప్పుడు అడగాల్సినవి రెండు మూడు ఉన్నాయి. మందు పట్టిన సగం దవడ తనది కానట్టుంది, వేలితో తాకితే ఎవరిదో చెంప తాకినట్టుంది, ఇది మళ్ళీ తనది కావడానికి ఎంతసేపు పడుతుంది, తనది అవుతున్నప్పుడు మొదట ఏది తెలుస్తుంది, నొప్పా, తడా. షావ్ వీపు తిప్పి పనిముట్లు కడుగుతున్నాడు. గదిలో లవంగ నూనె వాసన. వీధిలో పటాలం లారీలు వరసగా పోతున్నాయి, ఒక్కొక్కటి పోయినప్పుడల్లా అద్దాల బీరువాలో సున్నపు పళ్ళ అచ్చులు గలగలమంటున్నాయి. ఆ అచ్చులు ఎవరివి, ఆ మనుషులు ఇప్పుడు ఎక్కడున్నారు అని కూడా అడగాలి. దండులో పళ్ళు కట్టించుకొనేవాళ్ళలో సగం మంది సిపాయిలే.

అడగాల్సినవి కాక, చెప్పాల్సింది ఒకటి ఉంది. అది మధ్యాహ్నంలోగా చెప్పాలి. ఈ సాయంత్రం పేటలో చౌడేశ్వరమ్మ జ్యోతి కదులుతుంది. బియ్యప్పిండి, బెల్లం కలిపి చేసిన దీపాన్ని తల మీద పెట్టుకొని ఒకడు నడుస్తాడు, అయితే అమ్మ ఊరికే నడవదు. ప్రతి మగ్గం ఇంటి నుంచి ఒక మగవాడు ఆ ఇంటి కత్తి పట్టి దీపం ముందు నడవాలి, చొక్కా లేని ఎదకు ఆ కత్తి కొట్టుకుంటూ తాయీ తీసుకో, అమ్మా తీసుకో అని పిలవాలి. పిలిస్తే అమ్మ అడుగు వేస్తుంది. జయరామప్ప భుజం పట్టేసినప్పటి నుంచి ఆ ఇంటి కత్తి కొడుకు మునిరాజుకు వచ్చింది. మునిరాజు ఒక్క ఏడే పట్టాడు. తరువాత పటాలంలో చేరి అస్సాం వైపు పోయాడు. నడుమ రెండేళ్ళు జయరామప్ప తమ్ముడు నంజప్ప కొడుకు పట్టాడు. ఇప్పుడు మునిరాజు సెలవు మీద ఇంట్లో ఉన్నాడు. నిన్న కులపెద్ద గంగప్ప వచ్చి, నీ కొడుకు చేత కత్తి పట్టించాలా వద్దా ఆలోచించుకో, రేపు చెప్పు అని పోయాడు. రాత్రి పంటి నొప్పి మొదలయింది.

కత్తి పట్టాలా వద్దా. కత్తి పట్టే ఉద్యోగం చేసేవాడు కత్తి పట్టవచ్చా. ఇది షావ్‌ను అడగదగిన సంగతి, అతనికి ఇట్లాంటివి తెలుసు. అయితే అడగడానికి వీల్లేదు, నోట్లో దూది ఉందని కాదు, తన కొడుకు సిపాయి అని షావ్‌కు చెప్పలేదు.

మొదటిసారి వచ్చినప్పుడు జయరామప్ప అడిగింది పంటి సంగతి కాదు, పన్ను తొలిచే యంత్రం సంగతి. కింద చెక్కను కాలితో తొక్కితే పైన సూది తిరుగుతుంది. మగ్గానికీ కాలి కింద చెక్క ఉంటుంది, ఒక కాలు, రెండో కాలు, ఒక కాలు, రెండో కాలు, ఇక్కడ ఒకే కాలు. ఒకే కాలైతే సాయంత్రానికి నడుము ఏ వైపు లాగుతుంది అని అడిగితే షావ్ తొక్కడం ఆపి చూశాడు. ఇరవై ఏళ్ళుగా ఈ వీధిలో ఉన్నాను, నా నడుము గురించి ఎవరూ అడగలేదు అన్నాడు దండు హిందుస్తానీలో. కుడివైపు అన్నాడు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటలు కలిశాయి. షావ్ వాళ్ళది హూపే అనే సీమ. వాళ్ళ నాన్న కాగితం పువ్వులు చేసి అమ్ముకుంటూ దేశాలు తిరిగినవాడు, పువ్వుల నుంచి పళ్ళకు వచ్చింది మేనమామ వల్ల. గోడకు చొక్కా నిక్కరు తొడుక్కున్న కుర్రవాడి పటం ఉంది, తల మీద ఇనుప టోపీ. అది తన కొడుకు అన్నాడు షావ్. బీహారులో చీనా పటాలానికి తర్ఫీదు ఇస్తున్నారని తెలిసి పోయి చేరాడట. మొదటి ఏడాది ఆ పటం లోపలి గదిలో ఉండింది, కిందటేడు తెచ్చి దుకాణంలో తగిలించాను అన్నాడు. ఎందుకు లోపల పెట్టారు, ఎందుకు బయటికి తెచ్చారు అని జయరామప్ప అడిగాడు. షావ్ దానికి జవాబు చెప్పడం పూర్తయ్యేసరికి జయరామప్ప ఇంకో రెండుసార్లు వచ్చాడు.

వాళ్ళ సీమలో మనుషులకు నాలుగు మెట్లు ఉన్నాయట. చదువుకున్నవాడు మొదటివాడు, సేద్యగాడు రెండోవాడు, చేతిపనివాడు మూడోవాడు, వ్యాపారి నాలుగోవాడు. అయితే మగ్గం వాళ్ళం మూడో మెట్టు, కోమట్ల కంటే పైన, అని జయరామప్ప సంతోషపడి ఈ ముక్క పేటలో ఎవరెవరికి చెప్పాలో లెక్క వేసుకున్నాడు. మరి పళ్ళ డాక్టరు అని అడిగితే, లెక్కలోకి రాడు అన్నాడు షావ్. మరి సిపాయి. సిపాయి పళ్ళ డాక్టరు పక్కనే నిలబడతాడు, మెట్ల కింద, అని నవ్వాడు. రాజ్యాలన్నీ కత్తితోనే కదా వచ్చేది అని అడిగాడు జయరామప్ప. వచ్చేదాకా కత్తే, వచ్చాక కత్తి పట్టినవాణ్ణి గడప బయట నిలబెట్టి, పుస్తకం పట్టినవాణ్ణి లోపల కూర్చోబెడతారు అన్నాడు షావ్. ఆ గడప మాట దగ్గర అతను ఆగి, దీపం వత్తి ఎగదోశాడు. తరువాత తలుపుల సంగతి చెప్పాడు.

తలుపుల సంగతి జయరామప్పకు ఇప్పటికీ వింతే, తలుచుకుంటే దూది కింద నాలుక కదులుతుంది. షావ్ చిన్నతనంలో ఆ సీమలో ఒక్కో జిల్లాకు ఒక్కో సేనాని, ఒక్కో సేనానికి ఒక పటాలం. పటాలం ఊళ్ళో దిగితే మొదట తీసుకుపోయేది బియ్యం కాదు, తలుపులు. నేల తడిగా ఉంటుంది, పడుకోవడానికి చెక్క కావాలి, అందుకని ఇంటింటి తలుపులూ ఊడదీసుకొని పోయి వాటి మీద పడుకుంటారు. పోయేటప్పుడు తిరిగి ఇవ్వరు, ఇచ్చినా ఎవరి తలుపు ఎవరిదో తెలియదు, ఊళ్ళో సగం ఇళ్ళకు పక్కింటి తలుపులు, మూయబోతే పట్టవు. పటాలం వస్తోందని తెలియగానే షావ్ నాన్న తలుపు తనే ఊడదీసి గడ్డివాము కింద దాచేవాడట. కొందరు కుర్రవాళ్ళను తాడు కట్టి తీసుకుపోయేవాళ్ళు. తాడు కట్టి తీసుకుపోతే ఇంటివాళ్ళు ఏడుస్తారు, ఊరు ఏడుస్తుంది. షావ్ తమ్ముడు తాడు లేకుండా పోయాడు, రెండు పూటలా అన్నం పెడతారని తనంతట తనే నడిచిపోయాడు. అది నాన్న సహించలేదు. రెండేళ్ళకు తమ్ముడు ఒక రాత్రి ఇంటికి వచ్చాడు, అమ్మ లోపలికి రానిచ్చింది. తెల్లవారి లేచేసరికి నాన్న ఇంటి తలుపు ఊడదీసి వాకిట్లో పరిచి పెట్టాడట. మీవాళ్ళు వచ్చేది దీనికే కదా, తీసుకుపో అన్నాడట. తమ్ముడు ఏమన్నాడు అని జయరామప్ప అడిగాడు. ఏమీ అనలేదు, తలుపు ఎత్తి మళ్ళీ బిగించి పోయాడు అన్నాడు షావ్. సరిగ్గా పట్టిందా. పట్టింది. తమ్ముడు చేతిపనివాడు.

ఇప్పుడేమో జపానువాళ్ళు రాని ఊళ్ళలో, కొడుకును యుద్ధానికి పంపిన ఇంటి తలుపు మీద పలక కొడుతున్నారట. ఈ ఇంటివాడు దేశం కోసం పోయాడు అని పలక మీద రాసి, బడిపిల్లలు డప్పులతో వచ్చి మేకులు కొట్టి పోతారట. కలకత్తాలో ఉన్న బంధువులు చెప్పిన మాట. సిపాయి మెట్టు ఎక్కాడన్నమాట అన్నాడు జయరామప్ప. షావ్ తల అడ్డంగా ఊపాడు. పలక కొట్టే ఊళ్ళోనే తాడు కట్టి తీసుకుపోవడమూ ఉంది, రెండూ నిజమే అన్నాడు. తాడు కట్టినవాడి తలుపు మీద కూడా పలక కొడతారా అని జయరామప్ప అడిగితే, అది నాకు తెలియదు అన్నాడు. మీ అబ్బాయి ఏం చేస్తాడు అని అప్పుడే అడిగాడు షావ్. మిల్లులో యంత్రాల పని అన్నాడు జయరామప్ప. ఎందుకు అట్లా అన్నాడో అప్పుడు తెలియదు. నోరే చెప్పింది.

మిల్లు అబద్ధం కాదు, ఒకప్పటి నిజం. పట్టు దొరకడం మానేశాక మునిరాజు మిల్లుకే పోయాడు. పట్టంతా గొడుగులకు పోతోందని చెప్పుకున్నారు, ఆకాశంలోంచి సిపాయిలు దిగే గొడుగులకు, మైసూరు సీమ పట్టు గూళ్ళన్నీ వాటికే. మగ్గం దుమ్ము పట్టింది. మిల్లులో ఆర్నెల్లు చేసి, ఒకనాడు దండుకు పోయి పటాలంలో లారీ డ్రైవరుగా పేరు ఇచ్చి వచ్చాడు. చెప్పకుండా పోయాడు, తాడు లేకుండా పోయాడు. ఆనేకల్‌లో పిల్లను చూసి మాట అనుకొని ఉన్నారు, వాళ్ళు కబురు పెట్టారు, పటాలం వాడికి ఇవ్వలేము, వేరే చూసుకోండి అని. అందులో తప్పేముంది అని ఆ వేళ జయరామప్పే భార్య పార్వతమ్మతో అన్నాడు, మనమైతే ఇస్తామా. సిపాయిలు దిగిన చోటు గనకే కంటోన్మెంటును దండు అన్నారు, దండంటే పేట ఆడవాళ్ళకు భయం. చిన్నప్పుడు అమ్మ చెప్పేది, కబ్బన్ పార్కు దాటితే సోజరు, తెల్ల సిపాయి, పట్టుకుపోతాడు. పార్కు దాటి చూడాలని అందుకే అనిపించేది. ఎనిమిదో ఏట దాటి చూశాడు కూడా. ఒక సోజరు చెట్టు కింద కూర్చొని బూటు విప్పి కాలి పుండు చూసుకుంటున్నాడు. అంతే. పట్టుకోలేదు, తల ఎత్తి చూడనైనా లేదు. ఆ పుండు ఎట్లా అయింది అని అడగడానికి భాష లేదు.

మునిరాజు సెలవు మీద వచ్చిన రోజు గడప దగ్గర పార్వతమ్మ మైల పోవాలని వాడి తల మీద పసుపు నీళ్ళు గుమ్మరించింది. వాడు నిలబడి పోయించుకున్నాడు. సంచీ బయటి అరుగు, జగలి మీదే పెట్టమంటే పెట్టాడు, అది ఇంకా అక్కడే ఉంది. భోజనం చేస్తాడు, నిద్రపోతాడు, మగ్గం దుమ్ము దులిపాడు. దేవుడి గూట్లోంచి పసుపు గుడ్డ విప్పి కత్తి తీసి, సంచీలోంచి చిన్న డబ్బా తెచ్చి నూనె రాశాడు. తుపాకీలకు రాసే నూనె అది. జయరామప్ప వాసన పట్టాడు గానీ, ఏం నూనె అని అడగలేదు.

తలుపు దగ్గర చెప్పులు విడిచిన చప్పుడయింది. గంగప్ప. పైపంచె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని, పళ్ళ అచ్చుల వంక చూడకుండా వచ్చి, బల్ల కొసన కూర్చున్నాడు. పేట నుంచి పండుగ పూట జట్కా కట్టించుకొని దండుకు రావడం ఆయన వయసుకు చిన్న పని కాదు. షావ్ టీ తెప్పించమంటారా అంటే, ఈరోజు ఉపవాసం అన్నట్టు చెయ్యి చూపించాడు. రోజూ ఉపవాసం లేకపోయినా ఇక్కడ తాగడని జయరామప్పకు తెలుసు, షావ్‌కూ తెలుసని అతను వెంటనే లోపలికి పోవడంలో తెలిసింది.

"నోరు తెరవద్దులే జయరామా, పార్వతమ్మ చెప్పింది. నువ్వు నోరు మూసుకొని ఉండంగా చూస్తానని నేను అనుకోలేదప్పా, ఆ చీనాయనకు పేటలో సన్మానం చేయాల." గంగప్ప నవ్వలేదు, అది ఆయన రీతి. "ఇను. నీ కొడుకు మీద నాకేం కోపం ఉండాది? నా ఒళ్ళో పెరిగినోడు. అయితే పటాలంలో ఏమి తిన్యాడో, ఎవర్ని ముట్టినాడో, ఏం మోసినాడో మనకు తెలీదు. అమ్మ కత్తి అది. తెలీకుండా ఎట్ల చేతికిస్తాము? ఈ ఏడు కూడా నంజప్ప కొడుకు పట్టనీ. మధ్యాన్నం గుడికాడికొచ్చి ఊ అను, అయిపోతాది."

జయరామప్ప తల ఊపలేదు. గంగప్ప లేచి, పోతూ పోతూ పటంలో కుర్రవాణ్ణి చూసి ఆగాడు. ఇతనూ పటాలమే కదా అన్నాడు తనలో తాను అనుకున్నట్టు. చెప్పులు వేసుకొని పోయాడు.

మనకు తెలీదు అన్నాడు. ఆ మాట నిజం. గంగప్పకు తెలియదు, ఆయన అడగలేదు, ఆయన అడగవలసినవాడు కాదు. తనకెందుకు తెలియదు. ఈ చీనావాణ్ణి తలుపు బాగా పట్టిందా అని కూడా అడిగాడు, ఎప్పుడో ముప్ఫై ఏళ్ళ కిందటి తలుపు, చూడని ఊరు. సొంత కొడుకు రెండేళ్ళు ఎక్కడ తిరిగాడో, ఏ లారీ తోలాడో, అందులో ఏం వేశారో అడగలేదు. వాడు జగలి మీద కూర్చొని ఉంటాడు, తాను లోపల ఉంటాడు, నోటిదాకా వస్తుంది, పార్వతమ్మను నీళ్ళు తెమ్మంటాడు. కబ్బన్‌పేటలో అడిగే జయరామప్ప. అడిగితే వాడు చెబుతాడు, అబద్ధం చెప్పేవాడు కాదు. చెప్పాక తనకు తెలుస్తుంది. తెలిశాక గుడి దగ్గర నిలబడి తెలియదు అనలేడు. తెలియదు అన్నంతకాలం కొడుకు కొడుకే, కత్తి గూట్లోనే, ఎవరికీ ఏమీ కాలేదు. ఇది తనకు ఇప్పుడు తట్టిందా, ముందే తెలుసా. షావ్ నాన్నకు కూడా తెలిసే ఉంటుంది, కొడుకును ఏమీ అడగకుండా తలుపు ఊడదీశాడంటే. ఏం తిన్నావు, ఎక్కడ పడుకున్నావు అని అడిగి ఉంటే, తలుపు లేని చోట పడుకున్నాను అనేవాడేమో.

మరి కత్తి సంగతి ఏమిటి. పద్దెనిమిదో ఏట మొదటిసారి కత్తి పట్టినప్పుడు ఎడమ రొమ్ము మీద తెగిన గీత ఇప్పటికీ ఉంది. నెత్తురు వచ్చిన చోట పసుపు అద్దారు, ఆడవాళ్ళు హారతి ఇచ్చారు, వీరుడు అన్నారు. వీరుడంటే ఎవరిని గెలిచినవాడు? మగ్గం వాళ్ళు ఎవరితో పోరాడారు, ఎప్పుడు? ముసలివాళ్ళను అడిగితే అమ్మ కోసం రాక్షసులతో అన్నారు. తరువాత ఎవరితో అంటే, ఎక్కువ అడగొద్దన్నారు. ఏడాదికి ఒక సాయంత్రం కత్తి పట్టుకుంటే హారతి, ఏడాది పొడవునా పట్టుకుంటే పసుపు నీళ్ళు. ఇది తప్పని కాదు, ఒప్పనీ కాదు, ఎట్లా వచ్చింది అనేదే తెలుసుకోవాలి. రెండు దేశాల మధ్య అంత సముద్రం, అన్ని కొండలు, అక్కడా సిపాయి గడప బయటే, ఇక్కడా గడప బయటే, ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నది కాదు కదా. లారీ ఒకటి పోయింది. అచ్చులు గలగలమన్నాయి. దవడలో సూదితో గుచ్చినట్టు మొదలయింది. మొదట తెలిసేది తడి కాదు, చురుకు.

మునిరాజు వచ్చాడు. పంచె, పొట్టి చేతుల చొక్కా, కాళ్ళకు పటాలం బూట్లు. వేరే చెప్పులు లేవు. నాయనా పోదామా, అమ్మ పంపింది అన్నాడు. షావ్ లోపలి నుంచి వచ్చి ఇంకా పావుగంట ఉంది అని చెప్పబోయి బూట్ల వంక చూశాడు. మునిరాజు గోడ మీది పటం వంక చూశాడు. చూసి, బొటనవేలు పైకెత్తి, డింగ్ హావ్ అన్నాడు. బాగుంది అని చెప్పడానికి చీనా సిపాయిలు అనే మాట అది. షావ్ చేతిలో తువ్వాలు అట్లాగే ఉండిపోయింది. ఎక్కడ నేర్చుకున్నావు అని హిందుస్తానీలో అడిగాడు. అస్సాంలో లీడో దగ్గర, మీవాళ్ళను రెండేళ్ళుగా నా లారీలో ఎక్కించుకొని తిరుగుతున్నాను అన్నాడు మునిరాజు. అతని హిందుస్తానీ తండ్రి హిందుస్తానీ కంటే బాగుంది.

షావ్ జయరామప్ప వైపు తిరిగాడు. "మిల్లు అన్నావే."

జయరామప్ప దూది కరిచిపట్టి నేల వంక చూశాడు. మునిరాజు తండ్రిని చూశాడు, డాక్టరును చూశాడు. "అంతకుముందు మిల్లే సాబ్" అన్నాడు.

కాపాడాడు. అడగనివాణ్ణి కాపాడాడు. ఆ సంగతి జయరామప్ప పూర్తిగా అనుకోకముందే వాళ్ళిద్దరూ మాటల్లో పడ్డారు. షావ్ అడుగుతున్నాడు, మునిరాజు చెబుతున్నాడు. రోడ్డు ఎట్లా ఉంటుంది, వాన ఎన్ని నెలలు, జలగలు ఎట్లా పడతాయి, చీనా సిపాయిలకు అన్నం సరిగ్గా పెడుతున్నారా, మావాడున్న ముప్ఫై ఎనిమిదో డివిజను వాళ్ళను చూశావా. తాను అడగవలసినవన్నీ, దాదాపు అదే వరసలో, ఇంకొకడు అడుగుతున్నాడు. నోరు తెరవకూడదు గనక వినడం తప్ప వేరే పని లేదు. జగలి మీద ఏమీ మాట్లాడని మునిరాజు ఇక్కడ చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. వాడికీ అడిగే బుద్ధి ఉందని అప్పుడు తెలిసింది. ఒక మాట ఆర్నెల్లుగా ఎవరినన్నా అడగాలని ఉంది సాబ్ అన్నాడు, కోడిపుంజు సంగతి.

కిందటేడు ఆషాఢంలో, కొండ దారిలో, నలుగురు చీనా సిపాయిలు లారీ ఆపారట. వాళ్ళ దగ్గర చెక్కపెట్టె ఉంది, పొడుగ్గా, తాళ్ళతో కట్టి. దాని మీద ఒక తెల్ల కోడిపుంజు, కాళ్ళు కట్టేసి. వాన పెరిగితే ఒకడు పుంజును ఒళ్ళో పెట్టుకొని ముందు సీటులో మునిరాజు పక్కన కూర్చున్నాడు. రాత్రికి కూరా అని మునిరాజు మెడ మీద వేలు గీసి చూపించి నవ్వాడు. అతను నవ్వలేదు. దారి పొడవునా పుంజును విడవలేదు, దానికి తన రొట్టె ముక్క పెట్టాడు. ఒక చోట రోడ్డు కింది మోరీ కొట్టుకుపోయింది, లారీ పోదు. పెట్టెను భుజాల మీద మోయాలి. నలుగురిలో ఒకడికి జ్వరం. మునిరాజు నాలుగో కొసన భుజం పెట్టాడు. అప్పుడు బరువును బట్టి తెలిసింది లోపల ఏముందో. అవతల గుంత తవ్వి పూడ్చారు. పుంజును కొయ్యలేదు, కాళ్ళు విప్పి వదిలిపెట్టారు, అది గుంత పక్కనే తిరిగింది. నేను మెడ మీద వేలు గీసినందుకు వాళ్ళు ఏమనుకున్నారో అని ఇప్పటికీ ఉంది అన్నాడు మునిరాజు. ఆ పుంజు ఎందుకు సాబ్.

"ఏ నెల?" అన్నాడు షావ్ మొదట. ఆషాఢం అంటే ఇంగ్లీషు నెల ఏది అని రెండుసార్లు అడిగాడు. జూలై అని తెలుసుకొని, కుర్చీ చెయ్యి పట్టుకొని నిలబడ్డాడు. మావాడి ఉత్తరం నవంబరులో వచ్చింది అన్నాడు. తరువాత చెప్పాడు. దూరదేశంలో పోయినవాడి జీవానికి ఇంటి దారి తెలియదు. తెల్ల పుంజు ముందు నడిచి చూపిస్తుంది. పెద్దింటివాళ్ళకు, కొడుకులున్నవాళ్ళకు అట్లా చేస్తారు. "పోయినవాడు అధికారా?"

"సిపాయే సాబ్. మోసినవాళ్ళూ సిపాయిలే."

షావ్ తువ్వాలు మడిచి కుర్చీ మీద వేశాడు. మా తమ్ముడు చనిపోయిన సంగతి రెండేళ్ళకు ఉప్పు అమ్ముకొనేవాడు ఒకడు చెప్పాడు అన్నాడు. రోడ్డు పక్కన ఎక్కడో. పటాలం ఆగలేదట. పుంజు ఎవరు పడతారు, తెల్లది ఎవరు వెతుకుతారు.

ఆ అడవిలో తెల్ల పుంజును ఎక్కడ వెతికారో జయరామప్పకు తెలుసుకోవాలని ఉంది. తెల్లది దొరకకపోతే వేరే రంగు పనికొస్తుందా. ఈ రెండూ వరసగా వచ్చి పక్కకు తప్పుకున్నాయి. ఏం మోసినాడో మనకు తెలీదు అన్నాడు గంగప్ప. ఇప్పుడు తెలుసు. ఎవరి శవమో కూడా తెలియని శవం. పేటలో వినరానిది, కడిగినా పోని మైల అని కొందరు అనేది. తెలియకముందు కూర్చున్న బల్ల మీదే కూర్చొని ఉన్నాడు. వెనక్కి పోయి తెలియకుండా ఉండడానికి లేదు. పావుగంట ఇంకా కాలేదు. జయరామప్ప వేలు పెట్టి దూది తీశాడు. షావ్ వద్దని చెయ్యి ఊపాడు.

"యా భుజం మీద మోస్తివిరా?"

మాట ముద్దముద్దగా వచ్చింది. మునిరాజుకు అర్థమయింది. తండ్రి తనను పటాలం గురించి అడిగిన మొదటి మాట అది. కుడి భుజం మీద చెయ్యి వేసి చూపించాడు. "దీని మీద నాయనా. రెండు దినాలు నొచ్చింది."

గడప దగ్గర షావ్ కొత్త దూది పొట్లం కట్టి ఇచ్చాడు. మునిరాజు చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు.

మధ్యాహ్నం గుడి అరుగు మీద గంగప్పా, మరి ముగ్గురు పెద్దలూ ఉన్నారు. జయరామప్ప చెప్పులు విడిచి నిలబడ్డాడు. కొడుకును జట్కాలోనే ఉండమన్నాడు. "శవం మోసినాడన్నా. చీనా సిపాయిది. ఊరూ పేరూ తెలీదు. కుడి భుజం మీద మోసినాడు" అని, పక్కకు తిరిగి నెత్తురు ఉమ్మేసి వచ్చి, "కత్తి వాడే పడతాడు" అన్నాడు.

పెద్దల్లో ఒకాయన లేచి దూరంగా జరిగి కూర్చున్నాడు. ఒకాయన శాంతి చేయించి వచ్చే ఏడు చూద్దామన్నాడు. నంజప్ప కొడుకు అప్పటికే తలంటుకొని కూర్చున్నాడనీ, వాడికేం చెప్పాలనీ మూడో ఆయన అడిగాడు. అందరి మాటలూ అయ్యాక గంగప్ప జయరామప్ప వైపు తిరిగాడు.

"ఊ అను చాలంటి గదప్పా నేను. ఇదంతా చెప్పమని ఎవరన్నారు నీకు?"

"తెలీదంటివి కదన్నా. తెలుసుకొని వచ్చినాను."

పెద్దలు గుడి లోపలికి పోయి మాట్లాడుకున్నారు. లోపల ఏమనుకున్నారో బయటికి రాలేదు. గంగప్ప వచ్చి, కత్తి తెమ్మను అన్నాడు.

ఆరు గంటలకు జ్యోతి కదిలింది. జయరామప్ప ఇంటి కత్తి మునిరాజు పట్టాడు. దీపానికి అందరికంటే దూరంగా, వరస కొసన నిలబెట్టారు. అతనికీ పక్కవాడికీ నడుమ రెండు బారల ఖాళీ వదిలారు. గుడి నుంచి మగ్గాల వీధి మలుపు దాకా ఆ ఖాళీ అట్లాగే ఉంది. మలుపు దగ్గర జయరామప్ప చొక్కా విప్పి పార్వతమ్మ చేతికిచ్చి, ఆ ఖాళీలోకి పోయి నడిచాడు.